తెల్లవారుజాము వేణువు

మా ఇంట్లో సంగీతం విషయంలో మూడు పార్టీలున్నాయి. నాది పద్యం పార్టీ. ఎవరైనా రాగం తీసి ఓ పద్యం చదివితే గాని నాకు అన్నం తిన్నట్టుండదు. మా ఆవిడది పాత సినిమా పాటల పార్టీ. ఆవిడ వంటింట్లో ఉన్నంతసేపూ ఘంటసాలవారు కూడా అక్కడే ఉంటారు. ఇక మావాడిది ఏ పార్టీయో మొన్న మొన్నటిదాకా మాకు తెలియదు. వాడు వినేది వాడికి తప్ప ఇంకొకరికి వినబడదు. రెండు చెవుల్లోనూ రెండు బిరడాలు బిగించుకొని కూర్చుంటాడు. "అన్నానికి రారా" అని మూడుసార్లు పిలిచి, నాలుగోసారి భుజం తడితే గాని ఈ లోకంలోకి దిగిరాడు.

వాడు ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్నాడు. పొరుగూళ్ళో హాస్టలు. దసరా సెలవులు ఇంకా నెల్లాళ్ళుందనగా, చెప్పాపెట్టకుండా ఒకనాడు పొద్దున్నే సంచీ భుజాన వేసుకొని గుమ్మంలో దిగాడు. "ఏమిరా?" అంటే "ఒంట్లో బాగాలేదు" అన్నాడు. చూస్తే జ్వరం లేదు, జలుబు లేదు. నాలుగు రోజులు గది దాటి ఇవతలికి రాలేదు. పెట్టింది తింటాడు, అడిగినదానికి ఊఁ అంటాడు, మళ్ళీ బిరడాలు బిగించుకుంటాడు.

నాలుగోనాటి రాత్రి మా ఆవిడ నన్ను నిలవేసింది. "ఏమండీ, ఊళ్ళో పిల్లలందరికీ పాఠాలు చెబుతారు గదా, కన్నకొడుకును ఏమిటి సంగతి అని అడగలేరూ?" అంది. అడగగలనని చూపించడానికి నేను గంటసేపు కూర్చుని ఓ ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. ఉపోద్ఘాతం, మూడు దృష్టాంతాలు, ఒక సుభాషితం, ఉపసంహారం. ఇరవై ఏళ్ళ అలవాటు మరి! గది తలుపు తీసేసరికి వాడు చీకట్లో మంచం మీద కూర్చునివున్నాడు. వాడి మొహం చూడగానే నా ఉపోద్ఘాతం గొంతులోనే ఆగిపోయింది. ఏమనాలో తోచక, "ఏమిటిరా వింటున్నావు?" అన్నాను.

వాడు నా వంక వింతగా చూశాడు. ఆ ప్రశ్న వాణ్ణి నేను ఎన్నడూ అడగలేదని అప్పుడు గాని నాకు తట్టలేదు. ఒక బిరడా తీసి నా చేతికిచ్చాడు. చెవిలో పెట్టుకున్నాను.

మొదట ఎవరో మెగాఫోనులోంచి గ్రహాల పేర్లు చదువుతున్నారు. వెనక తంతితపాలా ఆఫీసులో పూర్వం వినబడిన టిక్కుటిక్కులు. ఆ మీదట గిటారు, డోళ్ళు, అంతా ఆకాశంలోకి లేచిపోయినట్టు ఓ హోరు. "ఇది పాటా, తుఫాను హెచ్చరికా?" అందామనుకొని నాలిక కరుచుకున్నాను. మంచం మీద వాడి పక్కనే కూర్చుని, నలభై రెండు నిమిషాలు, ఆ రికార్డు అయిపోయేదాకా విన్నాను. చెరొక చెవితోనూ విన్నాం గనుక లేవడానికి వీల్లేకపోయింది కూడాను.

"ఎప్పటిదిరా ఇది?" అన్నాను.

"1967, నాన్నా."

నేను పుట్టడానికి పదేళ్ళ పైచిలుకు ముందు మాట! కొత్తపోకడ అని నేను భయపడుతున్నది నాకంటె వయసులో పెద్దదన్నమాట. ఇక నాకు నిద్రపట్టలేదు. తెలుగు పండితుడికి అర్థం తెలియని మాట చెవినపడితే నిఘంటువు తీసేదాకా తోచదు. ఆ వారమంతా దొరికినదల్లా చదివాను. చదివింది మీకు చెప్పకుండా ఉండలేను.

ఆ ఆల్బమ్ పేరు 'ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్'. తెల్లవారు వాకిట వేణువూదేవాడు అని చెప్పుకోవచ్చు. చేసినవారు పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు బృందం. వారి మొదటి ఆల్బమ్ అది. 1967 ఆగస్టులో లండన్‌లో విడుదలై ఆ దేశపు జాబితాలో ఆరో స్థానందాకా వెళ్ళింది. పింక్ అంటే రంగూ కాదు, ఫ్లాయిడ్ అంటే మరేదో కాదు. అమెరికాలో పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు నల్లజాతి బ్లూస్ గాయకులుండేవారు. వారి పేర్లలోంచి చెరో ముక్కా తీసి అతికించారు. ఆ అతికించినవాడు సిడ్ బారెట్. మనం చెప్పుకునే కథ అతనిదే.

ఈ రకం సంగీతాన్ని 'సైకిడెలిక్' అంటారు. ఆ మాట పుట్టింది పాటగాళ్ళ నోట కాదు, ఒక మానసిక వైద్యుడి ఉత్తరంలో. హంఫ్రీ ఆస్మండ్ అనే ఆయన 1956లో ఆల్డస్ హక్స్‌లీ అనే రచయితకు రాస్తూ, రెండు గ్రీకు మాటలు కలిపి దాన్ని తయారుచేశాడు. మనసు, వెల్లడి చేయడం — ఈ రెండర్థాలూ అందులో ఉన్నాయి. ఆయన చెప్పింది ఎల్.ఎస్.డి. వంటి మందుల గురించి. స్విట్జర్లాండులో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1938లో దాన్ని చేశాడు. అది మనసును ఏం చేస్తుందో మాత్రం 1943 దాకా ఆయనకే తెలియదు. మనసు జబ్బులకు పనికివస్తుందేమోనని వైద్యులు చూస్తూండగానే అది కుర్రకారు చేతికి చిక్కింది. 1966లో ఇంగ్లండు దాన్ని నిషేధించింది. నిషేధించిన మర్నాటినుంచీ అందరూ మానేశారనుకుంటే మనం మనుషుల్ని ఎరగనట్టే.

సిడ్ బారెట్ అసలు పేరు రోజర్ కీత్ బారెట్. 1946 జనవరి 6న కేంబ్రిడ్జిలో పుట్టాడు. తండ్రి వైద్యుడు, పాథాలజిస్టు. పిల్లవాడికి పదహారో ఏడు వెళ్ళకుండానే, 1961 డిసెంబరులో, తండ్రి పోయాడు. కుర్రవాడు బొమ్మలు వేసేవాడు. చిత్రకళ నేర్చుకోవడానికి లండన్ వెళ్ళి, అక్కడ వాస్తుశిల్పం చదవడానికి చేరిన రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్‌లతో జతకలిశాడు. పాటలు కట్టేవాడు, పాడేవాడు, గిటారు వాయించేవాడు. గిటారు వాయించడంలో కూడా దారి వేరు. జేబులో సిగరెట్టు లైటరు తీసి దాన్ని తీగెల మీద జార్చేవాడు. ఆ నాదాన్ని ప్రతిధ్వని యంత్రంలోకి పంపితే, బావిలోంచి ఎవరో పిలిచినట్టు తిరిగివచ్చేది.

1967 ఫిబ్రవరిలో ఆబీ రోడ్డులోని ఇ.ఎమ్.ఐ. వారి స్టూడియోలో రికార్డింగు మొదలుపెట్టారు. అదే భవనంలో, మరో గదిలో, బీటిల్స్ వారు తమ 'సార్జెంట్ పెప్పర్' ఆల్బమ్ చేసుకుంటున్నారు. వీరికి నిర్మాత నార్మన్ స్మిత్. అంతకు ముందు 1965 దాకా బీటిల్స్ పాటలకు ఇంజనీరుగా పనిచేసినవాడు. చేతిలో ఉన్నది నాలుగు ట్రాకుల యంత్రం. ఈనాడు మా కాలేజీ వార్షికోత్సవానికి మైకు పెట్టే కుర్రవాడి దగ్గరకూడా అంతకంటె పెద్ద సరంజామా ఉంటుంది. ఆ నాలుగు గీతల మీదే వాళ్ళు ఆకాశాన్ని చూపించారు. అట్టమీద బొమ్మ కూడా అలాంటిదే. జార్జి హారిసన్ ఇచ్చిన ఓ పలకల కటకంలోంచి విక్ సింగ్ అనే ఫొటోగ్రాఫరు తీశాడు. నలుగురు కుర్రాళ్ళు పదిమందిలా కనిపిస్తారు.

పదకొండు పాటలు. అందులో ఎనిమిది బారెట్ ఒక్కడివే. ఒక వాద్యగోష్ఠి తొమ్మిది నిమిషాలు దాటి సాగుతుంది. దాన్ని గురించి నేను మాట్లాడను. మావాడికి అదే ఎక్కువ ఇష్టం, నాకు అదే తలనొప్పి. నన్ను పట్టుకున్నవి మిగిలిన చిన్నపాటలు. ఏమిటండీ వాటిలో ఉన్నవి? ఒక పెంపుడు పిల్లి. ఎర్ర చొక్కా తొడుక్కున్న మరుగుజ్జువాడు. పొలంలో నిలబడ్డ దిష్టిబొమ్మ. అరువు తెచ్చుకున్న సైకిలును గొప్పగా చూపించుకొనే కుర్రవాడు. లోకమంతా మత్తుమందుల సంగీతమని పేరు పెట్టినదాన్ని విప్పి చూస్తే లోపల ఉన్నది బాలశిక్ష!

వీటిలో 'మటిల్డా మదర్' అనే పాట ఒకటి ఉంది. తల్లి కథ చదువుతూ ఆపితే, ఇంకా చెప్పమని పిల్లవాడు మారాం చేస్తాడు. మొదట బారెట్ ఇందులో హిలేర్ బెలాక్ అనే కవి పిల్లలకోసం రాసిన పద్యాలు పెట్టుకున్నాడు. హక్కుదారులు ఒప్పుకోలేదు. చేసేదిలేక తన సొంత మాటలు రాసుకున్నాడు. వాళ్ళు కాదనడమే మంచిదయింది. అరువు పద్యాలు పోయి, అమ్మ పక్కలో పడుకుని తాను విన్న రోజులు పాటలోకి వచ్చాయి. విద్యార్థులకు నేను ఏటా చెప్పే మాట ఇదే. కొటేషన్లు తీసేయండర్రా, అప్పుడు మీరు కనిపిస్తారు అని. వాళ్ళూ వినరు, నేనూ మానను.

ఇంకొక పాట చీనావారి 'ఐ చింగ్' అనే ప్రాచీన గ్రంథంలోంచి వచ్చింది. అందులోని ఇరవైనాలుగో అధ్యాయమే ఆ పాట పేరు. ఆ అధ్యాయానికి విషయం 'తిరిగి రావడం'. ఇది చదివిననాడు నేను పుస్తకం మూసి, కాసేపు మావాడి గది వంక చూస్తూ కూర్చున్నాను.

ఆల్బమ్ పేరు ఎక్కడిదో చెప్పాలి. కెన్నెత్ గ్రాహమ్ అనే ఆయన 1908లో 'ది విండ్ ఇన్ ది విల్లోస్' అనే పిల్లల పుస్తకం వేశాడు. కొడుక్కు చెప్పిన కథలే పుస్తకమయ్యాయి. ఏటిగట్టున బతికే జంతువుల కథ. అందులో ఏడో అధ్యాయం పేరునే బారెట్ తీసుకున్నాడు. ఒక నీటికుక్క పిల్ల తప్పిపోతుంది. తండ్రి నీటికుక్క రోజూ రాత్రి పోయి రేవులో కాపలా కూర్చుంటుంది. ఏ రేవులో? పిల్లకు తాను మొదట ఈత నేర్పిన రేవులో. వస్తే అక్కడికే వస్తాడని ఆశ. ఈ సంగతి విన్న ఇద్దరు స్నేహితులు, నీటి ఎలుకా, నేలను తవ్వుకొని బతికే మరో జీవీ, పడవ వేసుకుని రాత్రంతా వెతుకుతారు. తెల్లవారుజామున ఏటి మధ్య లంకలోంచి వేణునాదం వినబడుతుంది. పోయి చూస్తే మేకకాళ్ళ దేవుడు, గ్రీకుల వనదేవత పాన్ — మన కిళ్ళీతో ఏమీ సంబంధం లేదు సుమండీ — మురళి పట్టుకొని ఉంటాడు. ఆయన పాదాల దగ్గర పిల్ల హాయిగా నిద్రపోతూ ఉంటుంది.

భాగవతం చదువుకున్నవాడికి ఈ ఘట్టం కొత్తగా అనిపించదు. అయితే గ్రాహమ్ చివర ఓ మెలిక పెట్టాడు. ఆ దేవుడు మాయమవుతూ చూసినవారికి ఒక వరం ఇస్తాడు. మరుపు! అంత అందం చూశాక అది గుర్తుండిపోతే మామూలు బతుకు బతకలేరని ఆయన దయ. పిల్ల మాత్రం తండ్రికి దక్కుతుంది.

పుస్తకంలో పిల్ల దొరికాడు. ఆ కథలు ఎవరికోసం పుట్టాయో ఆ కొడుకు, గ్రాహమ్ ఒక్కగానొక్క కొడుకు, 1920లో ఆక్స్‌ఫర్డులో చదువుకుంటూ, ఇరవై నిండకుండానే రైలుపట్టాల మీద చనిపోయాడు.

ఇక మన బారెట్ సంగతి. ఆల్బమ్ బయటికి వచ్చేనాటికి అతనికి ఇరవై ఒకటి. ఊరంతా అతని పేరే. ఎల్.ఎస్.డి. అతను విరివిగా వాడాడని స్నేహితులందరూ చెప్పారు. అదొక్కటే కారణమో, లోపల ఇంకేముందో, ఆ వయసులో మీద పడ్డ పేరుప్రతిష్ఠల బరువెంతో, వేరుచేసి తూచే త్రాసు ఎవరి దగ్గరా లేదు. ఆ ఏడు గడిచేలోపల మనిషి మారిపోయాడు. వేదిక మీద గిటారు మెడకు తగిలించుకొని వాయించకుండా నిలబడిపోయేవాడు. పలకరిస్తే పలికేవాడు కాదు. అతనికి ఆసరాగా ఉంటాడని కేంబ్రిడ్జి స్నేహితుడు డేవిడ్ గిల్మోర్‌ను చేర్చుకున్నారు. కొన్నాళ్ళు ఐదుగురయ్యారు.

1968 జనవరిలో ఒకనాడు సౌతాంప్టన్‌లో కచేరీ. బండి ఎక్కి బయల్దేరారు. దారిలో సిడ్‌ను ఎక్కించుకోవాలి. ఎక్కించుకుందామా అని ఒకరన్నారు, ఎందుకులే అని మరొకరన్నారు. బండి ఆగలేదు. అంతే. దెబ్బలాట లేదు, రాజీనామా లేదు. ఏప్రిల్లో అతను బృందంలో లేడని ప్రకటించారు.

వాళ్ళను రాళ్ళతో కొట్టబోకండి. వాళ్ళకూ ఇరవై ఒకటీ ఇరవై నాలుగేళ్ళ మధ్యే. అదే గిల్మోర్, 1970లో బారెట్ సొంతంగా చేసిన రెండు ఆల్బమ్‌లకు దగ్గరుండి సాయం చేశాడు. పాత పాటల రాబడి అతనికి అందేలా తరవాత కూడా చూశాడు.

1975 జూన్ 5న అదే ఆబీ రోడ్డు స్టూడియోలో, పింక్ ఫ్లాయిడ్ వారు బారెట్‌ను తలుచుకొని కట్టిన పెద్ద పాటమీద పనిచేస్తున్నారు. ఆ గదిలోకి ఎవరో లావుపాటి మనిషి వచ్చి కూర్చున్నాడు. గుండు, కనుబొమలు కూడా గొరిగేసి ఉన్నాయి. స్టూడియో పనివాడు కాబోలనుకున్నారు. చాలాసేపటికి గాని అతనే సిడ్ అని ఒక్కరికీ పోల్చుకోవడం చేతకాలేదు. పోల్చుకున్నాక కంటనీరు పెట్టుకున్నారు. అప్పటికి అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు.

తరవాత అతను కేంబ్రిడ్జికి వెళ్ళిపోయాడు. సిడ్ అనే పేరు వదిలేసి మళ్ళీ రోజర్ అయ్యాడు. బొమ్మలు వేసుకున్నాడు, తోటపని చేసుకున్నాడు, సైకిలు మీద బజారుకు వెళ్ళి వచ్చాడు. తోబుట్టువు వచ్చి చూసి పోతూండేది. ఎవరైనా అభిమాని తలుపు తడితే, ఆ సిడ్ సంగతి తనతో ఎత్తవద్దనేవాడు. 2006 జులై 7న, అరవయ్యో ఏట, పోయాడు.

ఇదంతా నేను చదివిన వరసలోనే మావాడితో చెప్పాను. వాడికి చాలాభాగం తెలుసు. తెలియనట్టు విన్నాడు. అంతా అయ్యాక, గోడవంక చూస్తూ, "నాన్నా, ఆ రోజు బండి ఆపి వాణ్ణి ఎక్కించుకుని ఉంటే ఏమయ్యేదంటావు?" అన్నాడు.

తరగతిలో విద్యార్థి ప్రశ్న అడిగితే జవాబు తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పగల నేర్పు నాకుంది. కాని వాడు అడిగేది బారెట్ గురించి కాదని నాకు అర్థమైంది. "నిన్నెవరు ఎక్కించుకోలేదురా?" అన్నాను.

అప్పుడు చెప్పాడు. కిందటి పరీక్షల్లో రెండు సబ్జెక్టులు పోయాయట. మాకు చెప్పలేదు. తోటివాళ్ళు ముందుకు పోతూంటే మొహం చెల్లక క్లాసులకు పోవడం తగ్గించాడు. గదిలోవాళ్ళు మొదట రమ్మని పిలిచారు, తరవాత పిలవడం మానేశారు. రాత్రిళ్ళు నిద్ర లేదు. మూడుసార్లు ఇంటికి ఫోను చేద్దామనుకుని, "మీ నాన్న లెక్చరరు గదా, నీకేమిటిరా" అన్న మాట తలుచుకుని మానేశాడట. ఆ మాట అన్నది బయటివాళ్ళే. కాని ఆ మాటకు బలం ఇచ్చింది నేనే. పదోతరగతినుంచీ వాడు మార్కుల కాగితం తెచ్చినప్పుడల్లా, ఎంత వచ్చిందన్నానే గాని, ఎలా ఉన్నావని అడిగిన గుర్తు లేదు.

తండ్రిని గనుక ఒక ప్రశ్న అడక్క తప్పలేదు. "ఆ మందులూ అవీ ఏమన్నా..." అన్నాను. వాడు చాలా రోజులకు నవ్వాడు. "పాట వింటే మందు తీసుకున్నట్టేనా? నువ్వు రావణుడి పద్యం చదివి సీతను ఎత్తుకొచ్చావా?" అన్నాడు. పద్యం పార్టీ ఓడిపోయింది.

మర్నాడు ముగ్గురం కలిసి మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళాం. మా ఆవిడ మొదట, "ఎవరైనా చూస్తే?" అంది. మరుక్షణమే, "చూస్తే చూడనీండి" అని తనే చెప్పులు తొడుక్కుంది. ఆయన ఓపికగా విన్నాడు. నిద్రకు మందు రాసిచ్చాడు, కొన్నాళ్ళు వారం వారం రమ్మన్నాడు. ఇప్పుడు మావాడు హాస్టలు మానేసి రోజూ బస్సులో కాలేజీకి వెళ్ళివస్తున్నాడు. పోయిన రెండిట్లో ఒకటి గట్టెక్కింది. రెండోదానికి చదువుతున్నాడు. కొన్ని రోజులు బాగుంటాడు, కొన్ని రోజులు మాట ఉండదు. అంతా సర్దుకుందని చెప్పను. ఇది సీరియల్ కాదు, చివరి వారంలో శుభం కార్డు వేయడానికి.

ఇది మీకు చెప్పడం ఎందుకంటే, మీ ఇళ్ళలో కూడా చెవుల్లో బిరడాలు పెట్టుకున్న పిల్లలుంటారు. తీసి అవతల పారేయమని చెప్పడం తేలిక. నేనూ ఆ మాటే ఎన్నోసార్లు అన్నాను. ఒకసారి, రెండింటిలో ఒకటి ఇమ్మని అడిగి చూడండి. వినబడేది నచ్చకపోవచ్చు. నచ్చాలని నియమమేమీ లేదు. లేవకుండా పక్కన కూర్చుంటే చాలు.

బస్సు రాత్రి ఏడున్నరకు వస్తుంది. ఒక్కోసారి ఎనిమిది దాటుతుంది. వాడికి పందొమ్మిదేళ్ళు, దారి తెలియని వాడేమీ కాదు. అయినా ఏడయ్యేసరికి నేను చొక్కా తొడుక్కుని వీధి చివరిదాకా వెళతాను. "ఎక్కడికండీ?" అని మా ఆవిడ మొదట్లో అడిగేది. "రేవుకు" అనేవాణ్ణి. ఇప్పుడు అడగదు. ఎనిమిది దాటితే తనూ వస్తుంది.